గ్రామసింహానికీ ఒక గూడు
రెండు రోజుల పని - పెరట్లో పడివున్న సామానే చాలు

మిర్చి కల్లాల రోజులు వచ్చాయంటే పల్నాటి పల్లెల్లో మనిషితోపాటు కుక్కకూ కాపలా పని పడుతుంది. రాత్రంతా ప్రతి అలికిడికీ మొరిగి, తెల్లవారాక ఏ బండి కిందో, గడ్డివాము చాటునో ముడుచుకుని పడుకుంటుంది. గొడ్లకు కొట్టం ఉంది. మేకలకు దొడ్డి ఉంది. కోళ్లకు గూడు ఉంది. వీటన్నిటినీ కాచే గ్రామసింహానికి మాత్రం ఇంత నీడ కల్పించాలన్న ఆలోచన చాలా ఇళ్లలో రాదు. ఫలితంగా ఎండాకాలంలో వడదెబ్బకు, వానాకాలంలో చర్మవ్యాధులకు, ఏడాది పొడవునా పిడుదులకు అది లోనవుతోంది.

వేసవే అసలు గండం

2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడివడి ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఎండలు ఎంత తీవ్రమో చెప్పనక్కర లేదు. రెంటచింతలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఎన్నో ఉన్నాయి. కుక్కకు మనిషికి పట్టినట్టు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి ఒగర్చడం ద్వారానే అది వేడిని బయటకు పంపుతుంది. చుట్టూ వడగాలి కొడుతుంటే ఆ ఒగర్పు వల్ల ప్రయోజనం ఉండదు. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండే ఒంటి వేడి 106 దాటిందంటే ప్రాణాపాయమే. మిట్టమధ్యాహ్నం గొలుసుతో గుంజకు కట్టేసి ఉన్న కుక్క నీడకు పోదామన్నా పోలేదు.

ఎక్కడ కట్టాలి?

వేప, కానుగ వంటి చెట్టు నీడ ఉన్న మెరక స్థలం శ్రేష్ఠం. పడమటి ఎండ, వడగాలి లోపలికి కొట్టకుండా ద్వారం తూర్పుకో, ఉత్తరానికో పెట్టుకోవాలి. వీధి గుమ్మం, కొట్టం రెండూ కనిపించే చోటైతే కాపలాకూ అనువు. కంపకుప్పలు, కట్టెల మోపులు పక్కన ఉండరాదు. వాటిలో ఎలుకలు చేరితే వాటి కోసం పాములు వస్తాయి.

కొలతలు, కట్టుబడి

గూడు మరీ పెద్దదైతే చలికాలంలో లోపల వెచ్చదనం నిలవదు. మరీ ఇరుకైతే కుక్క అందులోకి పోనే పోదు. లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకోగలిగితే చాలు. మన నాటు కుక్కకు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు సరిపోతాయి. ద్వారం కుక్క తల వంచి దూరేటంత ఉంటే చాలు.

ముందుగా రాళ్లు, మట్టి వేసి జానెడు ఎత్తున అరుగు దిమ్మిస కొట్టాలి. దానిమీద నాపరాళ్లు పరిస్తే నేల చల్లగా ఉంటుంది, కడగడం తేలిక. నీరు నిలవకుండా ద్వారం వైపుకు కాస్త వాలు ఇవ్వాలి. నాలుగు మూలలా గుంజలు పాతి, మూడు వైపులా రాతితో గాని ఇటుకతో గాని గోడ లేపాలి. ఎదురెదురు గోడల్లో పైకప్పుకు దిగువన పిడికిలి పట్టేటంత కంతలు రెండేసి వదిలితే వేడిగాలి బయటకు పోతుంది.

కప్పుకు తాటాకు గాని, జొన్నచొప్ప గాని మందంగా వేయాలి. చూరు అడుగు మేర ముందుకు వస్తే వాన జల్లు లోపల పడదు. రేకు ఒక్కటే వేస్తే మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. రేకే వేయవలసి వస్తే దానిపైన తాటాకు కప్పాలి. లేదా పైన తెల్లగా సున్నం కొట్టాలి. సున్నానికి పేరుపడిన పిడుగురాళ్ల ఉన్న జిల్లాలో ఇది కష్టమైన పని కాదు.

పిడుదులతో జాగ్రత్త

పిడుదులు రక్తం తాగి కుక్కను వదిలి, గోడ పగుళ్లలో దూరి వేల గుడ్లు పెడతాయి. అందుకే కుక్కకు స్నానం చేయించినా మళ్లీ పడుతుంటాయి. గోడలకు పగుళ్లు లేకుండా మెత్తి, ఏడాదికి రెండుసార్లయినా సున్నం వేయాలి. పరుపుగా వేసిన గోనెపట్టాను వారానికోసారి ఉతికి ఎండలో ఆరవేయాలి.

పత్తికీ, మిర్చికీ కొట్టే పురుగుమందును పిడుదుల కోసం కుక్క ఒంటికి పూయడం మహా ప్రమాదం. కుక్క ఒళ్లు నాకుతుంది, మందు కడుపులోకి పోతుంది. పురుగుమందు డబ్బాలను కోసి నీళ్లతొట్టిగా వాడటం కూడా అంతే. పశువుల ఆస్పత్రిలో అడిగితే తగిన మందు చెబుతారు. నీళ్లకు మట్టిమూకుడు మేలు. వేసవిలో పూటపూటకూ నీరు మార్చాలి.

గొలుసు పొడవు చూడాలి

గూడు కట్టి, దాని ముందే పొట్టి గొలుసుతో రోజంతా కట్టేస్తే ఫలితం లేదు. కదలికలేని కుక్కకు చిరాకు పెరిగి కరిచే గుణం వస్తుంది. కుక్కను మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో అదే పనిగా కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. రెండు గుంజల మధ్య తీగ లాగి, కడియానికి గొలుసు తగిలిస్తే కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, గూటిలోకీ పోగలుగుతుంది.

వడదెబ్బ తగిలితే

విపరీతంగా ఒగరుస్తూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే వడదెబ్బగా గుర్తించాలి. వెంటనే నీడకు చేర్చి, పొట్టమీద, కాళ్లమీద చల్లని నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహలో లేనిదాని నోట్లో నీళ్లు పోయరాదు. ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించాలి.

టీకా మరువరాదు

ఎంత మంచి గూడు కట్టినా రేబిస్ టీకా వేయించని కుక్క ఇంటికి ముప్పే. మూడు నెలల వయసులో టీకా మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ వేయించి, ఆపైన ఏటా వేయించాలి. 1885లో పాశ్చర్ తొలిసారి ఒక బాలునికి రేబిస్ టీకా వేసిన జూలై 6వ తేదీని ఏటా జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆ రోజు పశువుల ఆస్పత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఏ కుక్క కరిచినా గాయానికి కారం, సున్నం, పసర్లు పెట్టరాదు. పారే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.