స్టీరింగ్‌లో 'ప్లే' ఉందని రిపోర్టు వచ్చిందా? ఇలా అర్థం చేసుకోండి

సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు మెకానిక్‌తో చెక్ చేయిస్తే ఓ రిపోర్టు చేతికొస్తుంది. అందులో స్టీరింగ్ గురించి రాసిన నాలుగు మాటలు అర్థంకాక చాలామంది "బండి నడుస్తోందిగా, పర్లేదు" అని అడ్వాన్స్ ఇచ్చేస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది.

ప్లే: స్టీరింగ్ తిప్పినా చక్రం వెంటనే కదలకపోతే ఆ ఖాళీ తిరుగుడునే ప్లే అంటారు. టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్ లాంటివి అరిగినా ఇలా జరుగుతుంది. టై రాడ్ ఊడిపోతే ఆ చక్రం ఇక మన అదుపులో ఉండదు. టై రాడ్ గానీ, బాల్ జాయింట్ గానీ 'లూజ్' అని రాసి ఉంటే మార్చేదాకా బండి రోడ్డెక్కించొద్దు.

నమ్మకం కుదరకపోతే ముందు చక్రాన్ని జాకీతో లేపి చూపించమనండి. చక్రాన్ని కుడి, ఎడమ అంచుల దగ్గర పట్టుకుని ఊపితే కదులుతోందంటే టై రాడ్‌పై అనుమానం. పైన, కింద పట్టుకుని ఊపితే కదులుతోందంటే బేరింగ్ లేదా బాల్ జాయింట్ చూడాలి.

బూట్ చిరిగింది: బూట్ అంటే రబ్బరు తొడుగు. ఇది చిన్న ఖర్చే. వదిలేస్తే దుమ్ము, వాన నీళ్లు లోపలికెళ్లి స్టీరింగ్ రాక్ పాడవుతుంది. అది పెద్ద ఖర్చు.

ఆయిల్ లీక్: ఆయిల్‌తో పనిచేసే పవర్ స్టీరింగ్‌లో ఆయిల్ తగ్గితే తిప్పేటప్పుడు కూత వస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న చాలా చిన్న కార్లలో ఈ ఆయిలే ఉండదు. వాటిలో మీటర్ దగ్గర స్టీరింగ్ లైటు వెలుగుతుందేమో చూడాలి.

అలైన్‌మెంట్ అవుట్: కారు ఒక పక్కకు లాగుతుంటే ముందు టైర్లలో గాలి చూడండి. "అలైన్‌మెంట్ చేయిస్తే అంతా సెట్ అవుతుంది" అని అమ్మేవాళ్లు అంటారు. పార్టులు లూజుగా ఉంటే అలైన్‌మెంట్ నిలవదు. ముందు పార్టు మార్చాలి, ఆ తర్వాతే అలైన్‌మెంట్.

చివరగా మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: "భాయ్, పిల్లల్ని ఎక్కించుకుని ఇవాళే ఈ బండిలో కర్నూలు వెళ్లొచ్చా?" ఆయన తటపటాయిస్తే రిపేరు ఖర్చు ధరలో తగ్గించమనండి, లేదంటే ఆ బండి వదిలేయండి.