పట్టేవాళ్లు కావాలి

మన దగ్గర కబడ్డీ అంటే అందరికీ రైడరే గుర్తొస్తాడు. పాలమూరు, నల్లగొండ ఊర్లలో ఆడే చెడుగుడు అయినా, టీవీలో ప్రో కబడ్డీ అయినా ఈలలన్నీ కూతకి వెళ్లినోడికే. మన కాలేజీ సెలక్షన్స్‌కి వచ్చేవాళ్లు కూడా చాలామంది "నేను రైడర్‌ని అన్నా" అంటూనే వస్తారు.

తెలుగు టైటాన్స్‌ని చూడండి. పదో సీజన్‌కి (2023) పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది 2. పన్నెండు టీముల్లో ఆఖరి స్థానం. కారణాలు చాలా ఉండొచ్చు. కానీ ఒక్కడు తెచ్చిన పాయింట్లు అవతలోళ్ల రైడ్‌లోనే పోతుంటే స్కోర్ ఎట్ల పెరుగుతుంది?

డిఫెన్స్‌లో మొదటి విషయం ఓపిక. మగవాళ్ల కోర్టులో మధ్య గీత నుంచి 3.75 మీటర్లకు బాక్ లైన్, ఇంకో మీటర్ లోపలికి బోనస్ లైన్ ఉంటాయి. ఎవరినీ తాకకుండా, బాక్ లైన్ కూడా దాటకుండా వెనక్కి పోతే రైడరే అవుట్. అంటే అతను లోపలికి రాక తప్పదు, అదీ 30 సెకన్లలో. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. అప్పుడు తొందర అతనిది, మనది కాదు. మన టీం ఎక్కువ పాయింట్లు పోగొట్టుకునేది ఇక్కడే: రైడర్ ఇంకా దూరంగా ఉండగానే ఒకడు చైన్ వదిలేసి ముందుకి దూకుతాడు, పక్కనోడికి ఆ సంగతే తెలియదు.

అమెరికాలో చదివే మన సీనియర్లు చూసే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కూడా ఇదే కథ. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఆపడానికి ముందు వరుసలో ఒక్కొక్కరికి ఒక్కో సందు అప్పజెప్తారు. ఎవడైనా బంతి వెంట పడి తన సందు వదిలేశాడా, రన్నర్ సరిగ్గా అందులోంచే పోతాడు.

ఇక పట్టు. కోర్టులో ఆరుగురు, ఏడుగురు ఉన్నప్పుడు రైడర్ బోనస్‌కి ట్రై చేస్తాడు. పాయింట్ రావాలంటే ఒక కాలు గీత అవతల ఆనాలి, రెండోది గాల్లో ఉండాలి. ఆ క్షణం అతని బరువంతా ఒంటికాలి మీదే. కార్నర్ వాడు చీలమండ పట్టాల్సింది అప్పుడే. మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి, తల పక్కకి పెట్టి. మనోళ్లు నడుము మాత్రమే వంచుతారు (చెలక నేల మీద మోకాళ్లు గీసుకుపోతాయని భయం, అర్థం చేసుకోగలను). అప్పుడు చేతులు అందవు, మొహానికి మాత్రం మోకాలు తగులుతుంది.

కాలు దొరికినంత మాత్రాన పని అయిపోదు. రైడర్ కూత ఆపకుండా వేలి కొసతో మధ్య గీత అవతల తాకినా చాలు, పట్టినోళ్లంతా అవుట్. అందుకే ఒకడు కాలు పట్టగానే కవర్‌లో ఉన్నోళ్లు రైడర్‌కీ మధ్య గీతకీ నడుమ అడ్డం పడాలి. నన్నడిగితే రోజూ పావుగంట రైడర్‌ని నడిపిస్తూ ఇదొక్కటే ప్రాక్టీస్ చేయొచ్చు. స్పీడ్ తర్వాత పెంచుకోవచ్చు.

డిఫెన్స్‌తో పెద్ద మ్యాచ్‌లు గెలవొచ్చా అంటే, 1990 నుంచి ఆసియా క్రీడల్లో ప్రతిసారీ స్వర్ణం తెచ్చిన మన పురుషుల జట్టుని 2018 సెమీస్‌లో ఇరాన్ 18 పాయింట్ల దగ్గరే కట్టేసింది. వాళ్లు చేసింది 27.

మన లెఫ్ట్ కార్నర్ అన్న ఫైనల్ ఇయర్. ఈ మేలో వెళ్లిపోతాడు. ఆ ప్లేస్‌కి ఇప్పటిదాకా ఒక్కరూ పేరు ఇవ్వలేదు.