ఆకాశం నుండి చూచిన ఊరు

నగరాన్ని చిత్రించమంటే మన పిల్లలలో చాలామంది వీధి నడుమ నిలబడినట్లుగానే గీస్తారు. ఇరువైపులా మేడలు, దూరం పోయేకొద్దీ సన్నబడే రోడ్డు, దాని చివర ఉదయించే సూర్యుడు. డ్రాయింగు మాస్టారు నేర్పే వన్ పాయింట్ పర్‌స్పెక్టివ్ ఇదే. ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో 15వ శతాబ్ది తొలినాళ్ళలో బ్రూనెలెస్కీ దీనిని ప్రదర్శించి చూపగా, 1435లో ఆల్బెర్టీ గ్రంథస్థం చేశాడు. అదే సూత్రంతో ఊరిని నిట్టనిలువుగా పైనుండి చూచినట్లు కూడా గీయవచ్చునని తెలిసినవారు తక్కువ.

మేము నివసించే జోల్వానే తీసుకుందాము. సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని ఈ ఊరు వస్త్ర పరిశ్రమకు నెలవు. పొడవాటి మిల్లు షెడ్లు, కార్మికుల గదుల వరుసలు, వాటి ప్రక్కనే అంతస్తుల మేడలు. ఎత్తులో ఒకదానికొకటి పొంతన లేని ఇన్ని కట్టడాలు ఒకచోట ఉండటం బొమ్మ గీసేవారి అదృష్టం!

మొదట ఊరి ప్లాను గీయాలి. కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టాలి. అది సరిగ్గా మన కంటికి క్రింద, నేలపైనున్న చోటు. వానిషింగ్ పాయింటు అదే. ఆ చుక్క నుండి ప్రతి కట్టడం పునాది మూలల గుండా బయటివైపుకు పలుచని గీతలు లాగాలి. అవి గోడల నిలువు అంచులు. వాటిపై కొంత దూరం పోయి, పునాదికి సమాంతరంగా కప్పును గీస్తే కట్టడం కాగితం మీద లేచి నిలుస్తుంది.

ఎంత దూరం పోవాలన్నది చిన్న లెక్క. 100 మీటర్ల ఎత్తు నుండి చూస్తున్నామనుకుందాం. 20 మీటర్ల మేడ కప్పు మన కంటికి 80 మీటర్ల దూరంలోనే ఉంటుంది. 100ని 80తో భాగిస్తే 1.25. చుక్క నుండి పునాది మూల ఎంత దూరమో, దానికి 1.25 రెట్ల దూరంలో కప్పు మూల ఉండాలి. పునాది 4 సెంటీమీటర్లయితే కప్పు 5 సెంటీమీటర్లన్నమాట. అదే 5 మీటర్ల మిల్లు షెడ్డయితే తేడా నూటికి సుమారు ఐదు పాళ్ళే.

అలవాటు కొద్దీ పిల్లలు వీధులను కూడా చుక్కవైపు వంచుతారు. అది కూడదు. వీధులు ప్లానులో ఎలా ఉన్నవో అలాగే ఉండాలి. చుక్కను చేరేవి నిలువు గీతలు మాత్రమే. చుక్కవైపున్న గోడలే కనిపిస్తాయి, అవతలి గోడలను కప్పు దాచివేస్తుంది. సరిగ్గా చుక్క మీదనున్న ఇంటికి గోడలే కానరావు, కప్పు తప్ప.

ఇది కేవలం చిత్రకారుల ఊహ కాదు. 1858లో ఫ్రాన్సు దేశీయుడు నాదార్ బెలూన్ నుండి ఛాయాచిత్రం తీసిన తరువాత ఆకాశ ఛాయాచిత్రణ ఒక శాస్త్రంగా ఎదిగింది. నిట్టనిలువుగా తీసిన ఏ విమాన చిత్రంలోనైనా మేడలు కేంద్రం నుండి బయటికి ఒరిగినట్లే కనబడతాయి. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వంటి సంస్థలలో పనిచేసేవారికి ఇది నిత్యానుభవం. ఆ ఒరుగును కొలిచి కట్టడం ఎత్తును లెక్కగట్టవచ్చును.

మామూలు ప్లానులో రేకుల షెడ్డూ, పది అంతస్తుల మేడా రెండూ దీర్ఘచతురస్రాలే. ఎత్తు తెలియకపోతే ఏమి నష్టమని అడగవచ్చు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన నీటితో తాపీ నది పొంగి, సూరత్ నగరంలో అత్యధిక భాగం మునిగినప్పుడు ప్రజలు వెదకినది ఎత్తైన కప్పులనే. ఒంటి అంతస్తు ఇళ్ళవారు పొరుగువారి డాబాలను ఆశ్రయించవలసి వచ్చింది.

మా వీధి పిల్లలు గీసిన జోల్వా బొమ్మలో చుక్కకు అన్నిటికన్నా దూరం జరిగిన కప్పులు నాలుగే తేలాయి. వాటికి ఎర్ర పెన్సిలుతో రంగు వేసి, మెట్లు ఏ ప్రక్కనున్నవో కనుక్కొనేందుకు ఆదివారం నాడు కాగితం చేతబట్టుకొని బయలుదేరారు.