కుంగుబాటు మందులు: పది రోజులకే ఎందుకు మానకూడదు?

"నిద్ర పట్టదు సార్. గుండె దడదడమంటుంది. ఒంట్లో సత్తువ లేదు, ఏ పనీ చేయబుద్ధి కాదు." నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల నుండి ఓపీకి వచ్చేవారు ఇలాగే మొదలుపెడతారు. మనసు బాగాలేదని ముందుగా చెప్పేవారు తక్కువ. అప్పటికే గ్యాస్ మాత్రలు, బలం సూదులు, సెలైన్ బాటిళ్ళు, ఇసిజి అన్నీ అయిపోయి ఉంటాయి. రిపోర్టులన్నీ నార్మల్.

మన పెద్దలు దీనిని మనాది, బెంగ, దిగులు అన్నారు. డాక్టర్లు డిప్రెషన్ లేక కుంగుబాటు అంటారు. దానికి తోడుగానో, విడిగానో ఆందోళన జబ్బు కూడా ఉంటుంది. రక్తహీనత, థైరాయిడ్ వంటివి లేవని చూసుకున్నాక, అవసరమైతే మందు రాస్తాము. పది రోజులకు వారే తిరిగి వచ్చి, "ఈ మందు నాకు పడలేదు, మానేశాను" అంటారు. ఆ పది రోజుల్లో ఏం జరుగుతుందో తెలిస్తే చాలామంది మానరని మా నమ్మకం.

మెదడులోని నరకణాలు కొన్ని రసాయనాల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. వాటిలో సెరొటోనిన్ ఒకటి. కబురు అందాక, పంపిన కణమే దానిని తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మాత్రలు ఆ పీల్చుకునే దారిని అడ్డుకుంటాయి. ఇది కొన్ని గంటల్లోనే జరుగుతుంది. మరి గుణం కనబడటానికి రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు ఎందుకు? బయట సెరొటోనిన్ పెరిగిందని గ్రహించిన కణం మొదట దాని విడుదలను తగ్గించేస్తుంది. కొన్ని వారాలకు గానీ ఆ బిగింపు సడలదు. కణాల మధ్య సంబంధాలు మళ్ళీ బలపడటానికీ సమయం కావాలి. కె.సి. కెనాల్‌కు నీళ్ళు వదిలిన రోజే వరి కోతకు రాదు కదా!

"మెదడులో సెరొటోనిన్ తగ్గితే డిప్రెషన్ వస్తుంది" అని పాత కరపత్రాలలో చదివి ఉంటారు. అంత సూటి లెక్క కాదది. 2022లో పాత పరిశోధనలన్నిటినీ సమీక్షించినవారికి దానికి నిలకడైన ఆధారం దొరకలేదు. అలాగని మందు పనిచేయదని కాదు. 21 రకాల మందులపై జరిగిన 522 పరీక్షలను 2018లో కలిపి చూస్తే, అన్నీ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గానే పనిచేశాయి. అయితే సగటున ఆ తేడా మరీ పెద్దది కాదు. మొదటి మందుకే అందరికీ గుణం రాదు, రెండోది చూడాల్సి రావచ్చు. జబ్బు స్వల్పంగా ఉంటే కౌన్సెలింగుతో మొదలుపెట్టడమే మేలు.

ఈ మందుల పుట్టుకలో క్షయ రోగుల పాత్ర ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం గురించి విన్న రాయలసీమ వారికి ఇది ఆసక్తిగా ఉంటుంది. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయ కోసం ఐప్రోనయజిడ్ ఇస్తే, మంచానపడ్డ రోగులు ఉల్లాసంగా లేచి తిరిగారు. దాని నుండే ఒక రకం మందులు వచ్చాయి. 1957లో స్విట్జర్లాండ్ డాక్టరు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ గుణాన్ని ప్రకటించారు. ఫ్లూఆక్సెటిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1987లో.

ఇక అసలు చిక్కు. మేలు కన్నా ముందు ఇబ్బందులు వస్తాయి. వికారం, తలనొప్పి, విరేచనాలు, కొందరికి ఆందోళన ఇంకాస్త పెరగడం. అందుకే ఆందోళన ఉన్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతాము. ఇవి చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. లైంగిక ఇబ్బందులు మాత్రం కొనసాగవచ్చు. సిగ్గుపడి మందు మానేసే బదులు చెప్పండి, మార్చే వీలుంది. పాతికేళ్ళ లోపు వారిని మొదటి వారాల్లో ఇంట్లోవారు ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలి, చనిపోవాలనే ఆలోచనలు పెరగవచ్చు. ఎవరి విషయంలోనైనా అలాంటి మాట వినబడితే పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, తాళం వేసిన చోట పెట్టండి. మాత్రలు కూడా ఇంట్లోవారి చేతిలోనే ఉండాలి.

"అలవాటు పడిపోతామా?" అని అందరూ అడుగుతారు. అలవాటు పడేవి అల్ప్రజోలం వంటి నిద్ర మాత్రలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి వాడుతున్నవారిని చూస్తున్నాము, భయపడాల్సింది వాటికి. కుంగుబాటు మందుకు అలాంటి యావ ఉండదు. కానీ ఉన్నట్టుండి ఆపితే కళ్ళు తిరగడం, షాక్ కొట్టినట్టు అనిపించడం జరుగుతుంది. గుణం వచ్చాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ప్రార్థన చేస్తున్నాము గనుక మందు అక్కర్లేదనేవారూ ఉన్నారు. షుగర్ మాత్రకు ఆ మాట ఎవరూ అనరు!

ఇదివరకు ఎప్పుడైనా అతి ఉత్సాహంతో రోజుల తరబడి నిద్ర లేకుండా తిరిగి ఉంటే ముందే చెప్పండి, అది వేరే జబ్బు కావచ్చు, మందు కూడా వేరే. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ట్రమడాల్ వంటివి వాడుతుంటే అదీ చెప్పండి. గర్భవతులు తమంతట తాము మానకూడదు.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆస్పత్రికి వచ్చేటప్పుడు పాత చీటీలతో పాటు మిగిలిన మాత్రల అట్ట కూడా తెచ్చుకోగలరు.