కొలిమిగుండ్ల నేలలో రెండు కర్బనాలు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో కర్బనానికి కొదవ లేదు. ఇక్కడి సున్నపురాతిలో ప్రధానమైన కాల్షియం కార్బనేటు బరువులో 12 శాతం కర్బనమే. వాన నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఆ రాతిని తొలిచి, 3,229 మీటర్ల పొడవైన బెలుం గుహలను ఏర్పరచింది. అయినా రాయలసీమ నల్లరేగడి చేలలో మట్టి పరీక్ష చేయిస్తే, సేంద్రియ కర్బనం తరచు 0.5 శాతం కంటే తక్కువగానే తేలుతుంది.

ఇందులో వైరుధ్యం లేదు. సాధారణ మట్టి పరీక్షలో పొటాషియం డైక్రోమేటుతో ఆక్సీకరణం చెందే కర్బనాన్నే కొలుస్తారు. సున్నపురాతిలోని కర్బనం ఇదివరకే పూర్తిగా ఆక్సీకరణం చెందినది. అందువల్ల అది లెక్కకు రాదు, సూక్ష్మజీవులకు శక్తినీ ఇవ్వదు.

కర్బన పరమాణువు 4 బంధాలు ఏర్పరచగలదు. తనతో తానే గొలుసులుగా, వలయాలుగా కలియగలదు. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, జన్యుపదార్థం అన్నీ ఈ అమరికపైనే నిలిచాయి. గాలిలో సుమారు 0.04 శాతం మాత్రమే ఉన్న బొగ్గుపులుసు వాయువును శనగ ఆకు గ్రహించి, సూర్యరశ్మితో చక్కెరగా మారుస్తుంది. గ్లూకోజు బరువులో 40 శాతం కర్బనమే.

సేంద్రియ పదార్థం జీవుల్లోనే పుడుతుందన్న నమ్మకాన్ని 1828లో ఫ్రెడరిక్ వోలర్ ప్రయోగశాలలో యూరియాను తయారుచేసి సడలించాడు. నేడు రైతు వాడే యూరియాలోనూ 20 శాతం కర్బనం ఉంది. అయితే నేలలోని యూరియేజ్ ఎంజైము దానిని అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడుతుంది. కనుక యూరియా బస్తా నత్రజనిని ఇస్తుందే గాని సేంద్రియ కర్బనాన్ని నిలపదు.

ఎకరాకు పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుందనుకుంటే, 0.5 శాతం అంటే 4,500 కిలోల కర్బనం. ఎండిన పత్తి కట్టె ఒక టన్ను కాల్చితే దాదాపు 400 కిలోల కర్బనం గాలిలో కలిసిపోతుంది. దానిని ముక్కలు చేసి నేలలో కలపడం మేలు. పత్తి కట్టెలో నత్రజని స్వల్పం గనుక, కుళ్ళే దశలో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకొంటాయి. అందుచేత విత్తుటకు చాలా ముందుగానే కలపాలి, లేదా కంపోస్టుగా మార్చి వేయాలి.

రబీ శనగకు ముందు ఖాళీగా ఉండే చేలలో, తేమ అనుకూలిస్తే, జనుము లేదా పిల్లిపెసర వేసి పచ్చిరొట్టగా కలియదున్నవచ్చు. కలిపిన కర్బనంలో అధికభాగం సూక్ష్మజీవుల శ్వాసక్రియలో తిరిగి గాలిని చేరుతుంది. కాబట్టి ఈ పని ఒక్క ఏటితో ముగిసేది కాదు. రాతిలోని కర్బనం యుగాల తరబడి నిలిచి ఉంటుంది, పైరుకు ఆధారమైన కర్బనాన్ని మాత్రం ఏటేటా నేలకు తిరిగి చేర్చవలసిందే.