విదేశాలకు పొట్లం కట్టే ముందు

ధర్మపురి జిల్లాలోని మన తెలుగు ఇళ్ళలో పిల్లలు విదేశాల్లో ఉంటే పచ్చళ్ళు, పొడులు పంపడం మామూలే. అయితే గసగసాలు కలిసిన మసాలాపొడిని దుబాయికో, సింగపూరుకో పంపకండి. మనకవి వంటదినుసు, అక్కడ నిషిద్ధ సరుకు. చిక్కుల్లో పడేది పొట్లం అందుకునే బిడ్డే! అమెరికాకు మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు వద్దు.

కస్టమ్స్ పత్రంలో 'తినుబండారాలు' అని ముక్తసరిగా రాయక, ప్రతి వస్తువు పేరు, బరువు, విలువ విడివిడిగా రాయండి. కానుక అని రాసినంత మాత్రాన సుంకం తప్పిపోదు.

2025 ఆగస్టు 29న అమెరికా, 800 డాలర్ల లోపు సరుకులకు ఇచ్చే సుంకం మినహాయింపును నిలిపివేసింది. ఆ రోజుల్లో ఆగిన మన తపాలా పార్శిళ్ళు అక్టోబరు 15న తిరిగి మొదలయ్యాయి. నిబంధనలు ఇలా మారుతుంటాయి కనుక, మూట కుట్టకముందే తపాలా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.