వదలని క్లచ్

పాల్వంచ దాటి భద్రాచలం వైపు అడవి దారిలో వెళ్లేటప్పుడు బండి మొరాయిస్తే బాగుచేసేవారు దొరకడం కష్టం. క్లచ్ పూర్తిగా నొక్కినా బండి ముందుకే లాగుతున్నదా? న్యూట్రల్ పడడం లేదా? అయితే ఆలుబిడ్డలను ఎక్కించుకొని బయలుదేరకండి.

ముందు లివర్ కొసను మెల్లగా నొక్కి, బిగువు తగిలేలోపు ఎంత వదులుగా కదులుతుందో చూడండి. చాలా బండ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు చాలు. అంతకు మించితే అడ్జస్టర్‌తో సరిచేయవచ్చు. అయితే వదులే లేకుండా బిగించకూడదు. అప్పుడు క్లచ్ జారి ప్లేట్లు మాడిపోతాయి. తొందరలో మనం చేసే పొరపాటు ఇదే! కేబుల్ పోగులు తెగి ఉంటే మాత్రం మార్చవలసిందే.

వదులు సరిగానే ఉన్నా బండి లాగుతుంటే ఆయిల్‌ను అనుమానించాలి. మరీ చిక్కనిదైతే ప్లేట్లు విడివడవు. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలోనూ అవి అతుక్కుంటాయి. ఆయిల్ మార్చినా తీరకుంటే ప్లేట్లు వంగి ఉండవచ్చు. అది ఇంజను విప్పి చూడవలసిన పని, కొత్తగూడెంలోనే చూపించుకోండి.